అన్నగారు అనాలా, రామారావు అనాలా?

ఏటా మే 28 వచ్చిందంటే పల్లెల్లో తెల్లవారకముందే మైకులు మోగుతాయి. పాత సినిమా పాటలు, విగ్రహానికి పూలదండ, పులిహోర పొట్లాలు, నాయకుల ఉపన్యాసాలు అన్నీ అయ్యాక ఆ వార్తను పత్రికకు పంపవలసిన గ్రామ విలేకరి కాగితం ముందు కూర్చుంటాడు. మొదటి మాట దగ్గరే అతని కలం ఆగిపోతుంది. 'అన్నగారు' అని వ్రాస్తే ఒక వర్గం వారు, ఉత్త 'రామారావు' అని వ్రాస్తే మరో వర్గం వారు మరునాడు పొద్దున్నే టీ దుకాణం దగ్గర అతని కోసం కాచుకుని ఉంటారు. ఏ మంత్రి పేరుకూ, ఏ కలెక్టరు పేరుకూ 'గారు' తగిలించని పత్రికలకు ఈ ఒక్క మనిషి దగ్గరే ఎందుకింత తడబాటు?

జిల్లాలోని ఒక గ్రామంలో ఈ తగవు శిలాఫలకం రూపంలో వచ్చింది. బస్సులు ఆగే సెంటరులో ఎన్.టి. రామారావు విగ్రహం నిలబెట్టారు. చందాలు అన్ని వీధుల వారూ ఇచ్చారు. విగ్రహం క్రింద నల్లరాతి మీద ఏమి చెక్కించాలన్న దగ్గర పేచీ మొదలయింది. కుర్రకారు 'యుగపురుషుడు' అని ఉండవలసిందేనన్నారు. ఆ ఊరి పాత కరణంగారి కుమారుడు లేచి, "మా నాన్న పొట్ట కొట్టిన మనిషిని యుగపురుషుడని చెక్కించేట్లయితే నా చందా నాకిచ్చెయ్యండి" అన్నారు. పేట నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఊరుకోలేదు. "ఆయన పుణ్యాన రెండు రూపాయలకు బియ్యం తిన్నాం. అట్టా అనమాకు అయ్యగారూ" అంది. "ఆ బియ్యం నేను తినలేదమ్మా" అన్నారాయన. పంచాయతీ అక్కడితో వాయిదా పడింది.

ఇద్దరూ అబద్ధమాడలేదు. చిక్కంతా అక్కడే ఉంది. ఇటువంటి మనిషిని గురించి నిష్పక్షపాతంగా వ్రాయడమంటే నాలుగు పొగడ్తలు, నాలుగు తెగడ్తలు త్రాసులో వేసి సరితూచడమని చాలామంది అనుకుంటారు. అలా తూచి వ్రాసిన వ్యాసం ఆ ముసలమ్మకూ అక్కరకు రాదు, కరణంగారి కుమారునికీ అక్కరకు రాదు. ఏ సంవత్సరం ఏమి జరిగింది, ఎవరికి మేలయింది, ఎవరికి కీడయింది అన్నది తారీఖులతో సహా చెప్పాలి. బిరుదులు చదివేవారే ఇచ్చుకుంటారు.

సినిమా సంగతి ముందు చూడాలి. 1923లో కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టిన రామారావు సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం వదలి మద్రాసు వెళ్ళారు. 1949లో 'మనదేశం'తో తెర మీదికి వచ్చారు. 1957లో 'మాయాబజార్' వచ్చాక తెలుగువారికి కృష్ణుడంటే ఆ ముఖమే అయింది. ఇళ్ళలో క్యాలెండర్లకు అదే బొమ్మ. తిరుపతి యాత్రకు వెళ్ళిన బస్సులు మద్రాసుకు పోయి ఆయన ఇంటి ముందు ఆగేవి. ఇంతవరకు అందరూ ఎరిగినదే. అయితే దీనిని పట్టుకుని 'పల్లె జనం కృష్ణుడనుకుని ఓటు వేశారు' అని పట్నంలో కూర్చుని తేల్చేసిన వారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. ఇది పల్లె జనాన్ని చిన్నచూపు చూడడమే. టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్న వాడికి కిరీటం అట్టదని తెలుసు. అదే మనిషి 1977లో 'దానవీరశూర కర్ణ'లో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ వేస్తే దుర్యోధనుడికే ఎక్కువ చప్పట్లు కొట్టిన జనం వీరు.

1978 నుంచి 1983 లోపల రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు మారారు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో ఢిల్లీ చెప్పేది. ఆ విసుగు మీద 1982 మార్చి 29న హైదరాబాదులో తెలుగుదేశం పార్టీ పుట్టింది. చైతన్యరథమని పేరు పెట్టిన పాత వ్యాను మీద ఆయన ఊరూరా తిరిగారు. రోడ్డు ప్రక్కన స్నానం, వ్యాను మీదే ఉపన్యాసం. 1983 జనవరిలో 294 స్థానాల శాసనసభలో సుమారు 200 స్థానాలు వచ్చాయి. జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణ స్వీకారం. సినిమా ముఖం కాకపోతే అర్ధరాత్రి దాకా జనం వ్యాను కోసం చలిలో నిలబడేవారు కారు. ఢిల్లీ మీద విసుగు లేకపోతే నిలబడి చూసి ఇంటికి పోయేవారు గాని ఓటు వేసేవారు కారు.

ముఖం ఒక్కటే చాలదనడానికి తర్వాతి లెక్కలే సాక్ష్యం. 1989లో రామారావే కల్వకుర్తిలో ఓడిపోయారు, హిందూపురంలో గెలిచారు. 2008లో తిరుపతిలో పార్టీ పెట్టిన చిరంజీవికి 2009లో వచ్చినవి 18 స్థానాలు. 2011లో ఆ పార్టీ కాంగ్రెసులో కలిసిపోయింది. పవన్ కళ్యాణ్ 2019లో గాజువాక, భీమవరం రెండుచోట్లా ఓడారు. 2024లో పొత్తులో పోటీ చేసిన 21 స్థానాలూ ఆయన పార్టీకి దక్కాయి. సభకు వచ్చిన జనాన్ని చూసి 'ఇసుక వేస్తే రాలలేదు' అని వ్రాయడం విలేకరులకు అలవాటు. ఆ ఇసుక ఎన్ని ఓట్లయిందో ఫలితాల నాడు ఎవరూ మళ్ళీ వ్రాయరు.

ఇక బియ్యం. కిలో రెండు రూపాయల పథకం 1983లో మొదలయింది. పచ్చకార్డు ఉన్న కుటుంబానికి మనిషికి అయిదు కిలోల లెక్కన నెలకు 25 కిలోల వరకు ఇచ్చేవారు. కూలి దొరకని నెలల్లో నూకలు, జొన్న సంకటితో గడిపిన ఇళ్ళలో వరి అన్నం ఉడికింది. ముసలమ్మ చెప్పేది ఆ అన్నం సంగతి. అయితే పొగిడే వారు ఒకటి మరచిపోతారు. రామారావు వాగ్దానం చేయగానే, ఎన్నికల ముందే, కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం కిలో రూపాయి తొంభై పైసలకు ఇస్తామని బయలుదేరింది. జనం పది పైసల తక్కువ బియ్యాన్ని కాదని రెండు రూపాయల మాటను నమ్మారు. ధర ఒక్కటే అయితే ఆ ఓట్లు అటు పోవాలి. తర్వాత ఆ ధర 1992లో మూడున్నరకు పెరిగింది. 1994 డిసెంబరులో ఆయన తిరిగి రాగానే రెండుకు దిగింది, 1996లో ఆయన పార్టీ వారి ప్రభుత్వమే మళ్ళీ మూడున్నర చేసింది, 2008లో రాజశేఖరరెడ్డి రెండు చేశారు, 2011లో కిరణ్‌కుమార్‌రెడ్డి ఒక రూపాయి చేశారు. పార్టీ ఏదయినా ఆ రెండు రూపాయల గీత చుట్టూనే తిరిగింది. విగ్రహం క్రింద వ్రాసుకోదగిన మాట ఏదయినా ఉంటే ఇది ఒకటి.

తెగిడే వారు మరచిపోయేదీ, పొగిడేవారు దాచేదీ ఇంకొకటి ఉంది. సారా. 1980లలో ఆయన ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరికీ పంపింది. బియ్యంలో మిగిలిన డబ్బు సాయంత్రానికి ప్యాకెట్టు దగ్గరికి పోయిందని ఆడవాళ్ళు అనేవారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళతో మొదలైన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారాను నిషేధించింది కాంగ్రెసు ప్రభుత్వం. సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద 1994 డిసెంబరులో ప్రమాణ స్వీకార వేదిక మీదే సంతకం పెట్టింది రామారావు. 1997లో దానిని సడలించింది ఆయన పార్టీ ప్రభుత్వం. ఇందులో ఏ ఒక్క ముక్క తీసివేసి వ్రాసినా వార్త ఒక పార్టీ కరపత్రం అవుతుంది.

కరణంగారి కుమారుని మాటకు వస్తే, 1984 జనవరిలో ఒక్క ఆర్డినెన్సుతో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. కరణాలు, మునసబులు, తెలంగాణాలో పటేళ్ళు, పట్వారీలు అందరూ పోయారు. తరతరాలుగా ఇంటిలో ఉన్న దస్త్రాలు మూటగట్టి అప్పగించవలసి వచ్చింది. వీరు కోర్టుకు వెళ్ళారు గాని 1985లో సుప్రీంకోర్టు ప్రభుత్వ చర్యను సమర్థించింది. కరణం వాకిట్లో చెప్పులు విడిచి అడంగలు నకలు కోసం చేతులు కట్టుకుని నిలబడిన రైతుకు అది విడుదల. నిజాయితీగా శిస్తు లెక్క వ్రాసుకుని, ఆ కాస్త జీతంతో బ్రతికిన పేద కరణానికి అది పిడుగు. ఆ పిడుగు తగిలిన ఇంటివారికి మాట్లాడే హక్కు ఉంది. ఆ మరుసటి ఏడాది తాలూకాలను విడగొట్టి సుమారు 1,100 మండలాలు చేశారు. అంతకుముందు ఒక ధ్రువపత్రం కోసం రోజంతా బస్సుల మీద తాలూకా కేంద్రానికి పోయి, తహసీల్దారు క్యాంపులో ఉన్నాడని తిరిగి వచ్చిన వాళ్ళు ప్రతి ఊరిలోనూ ఉండేవారు. ఉద్యోగుల పదవీ విరమణ వయస్సు 58 నుంచి 55కు తగ్గించిన నిర్ణయం మాత్రం చివరకు వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

ఆస్తిలో ఆడపిల్లకు సమానవాటా ఇచ్చే సవరణ చట్టం 1986లో వచ్చింది. కేంద్రం అదే పని చేసింది 2005లో. అప్పటికే పెళ్ళయిన ఆడపిల్లలకు ఆ చట్టం వర్తించలేదు. వర్తించిన వారిలోనూ పుట్టింటితో తగవెందుకని అన్నదమ్ములకు వ్రాసి ఇచ్చిన వారే పల్లెల్లో ఎక్కువగా కనబడతారు.

అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు సంగతి జయంతి సభల్లో వినబడదు. 1985 జూలై 17న అక్కడ భూస్వాముల దాడిలో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. అప్పుడు ముఖ్యమంత్రి రామారావు. ఆ ఊరు ఆయన కుమార్తె మెట్టినిల్లు. ఆ దాడి ఆయన చేయించారనడం అన్యాయం. ఆయన పాలన గురించి వ్రాస్తూ ఆ తేదీని దాటవేయడం అంతకంటె అన్యాయం. విగ్రహానికి చందా ఇచ్చిన పేటవాసుల్లో ఆ పేరు మరువని వారు ఉన్నారు.

అన్నింటికంటె కష్టమైనవి రెండు ఆగస్టు నెలలు. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఆయనను బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. జనం వీధుల్లోకి వచ్చారు. శాసనసభ్యులను కర్ణాటకలో నందికొండల దగ్గర దాచవలసి వచ్చింది. నెల రోజులకు, సెప్టెంబరు 16న, ఆయన మళ్ళీ గద్దెనెక్కారు. 1995 ఆగస్టులో ఆయన పార్టీ శాసనసభ్యుల్లో అధికసంఖ్యాకులు అల్లుడు చంద్రబాబు నాయుడు వైపు చేరారు. సెప్టెంబరు 1న నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. రామారావు దానిని వెన్నుపోటు అన్నారు. చేసిన వారు పార్టీని కాపాడామన్నారు. 1996 జనవరి 18న ఆయన కన్నుమూశారు. మొదటి ఆగస్టును వర్ణించి వర్ణించి వ్రాసేవారు రెండవ ఆగస్టు దగ్గర 'కాలక్రమేణా జరిగిన పరిణామాలు' అని రెండు ముక్కలతో దాటిపోతారు. రెండవ ఆగస్టును ఏకరువు పెట్టే వారికి మొదటి ఆగస్టులో తమ పార్టీ ఏం చేసిందో గుర్తుకు రాదు. విలేకరికి ఉన్న దారి ఒకటే. ఎవరు ఏమన్నారో వారి పేరుతోనే వ్రాయాలి, తన నోటితో అనకూడదు.

చెప్పినంత తేలికయిన పని కాదు. వార్తకు సెంటీమీటరు లెక్కన నాలుగు డబ్బులు వచ్చే విలేకరికి జయంతి నాటి ప్రకటనలే ఆధారం. ప్రకటన ఇచ్చిన నాయకుడు వార్తలో కారంచేడు మాట చూస్తే మరుసటి ఏడు ఫోను ఎత్తడు. అది కాకపోతే కులం. విలేకరి ఇంటిపేరు అడిగి, దానిని బట్టి అతను వ్రాసింది చదివే వారు ఉన్నారు. కమ్మవాడయితే పొగిడాడనీ, కాకపోతే అక్కసుతో వ్రాశాడనీ వ్యాసం చదవకముందే తీర్పు. అందుకని చాలామంది సభలో మాట్లాడిన వారి పేర్లు వరుసగా వ్రాసి ముగిస్తారు. పేరు తప్పిపోయిన వాడు తప్ప ఎవరూ కోప్పడరు.

ఆ గ్రామంలో పంచాయతీ మళ్ళీ కూర్చుంది. ఒక రిటైర్డు మాస్టారు 'కిలో రెండు రూపాయల బియ్యం 1983, గ్రామాధికారుల రద్దు 1984, మండలాలు 1985, ఆడపిల్లకు ఆస్తివాటా 1986' అని చెక్కిస్తే చాలునన్నారు. కరణంగారి కుమారుడు, "రద్దు అని పెడతామంటే నాకు అభ్యంతరం లేదు, అది జరిగిందే" అన్నారు. కారంచేడు కూడా ఉండాలని పేట కుర్రవాడొకడు అన్నాడు. ఒక్కసారి అందరూ ఊరుకున్నారు. విగ్రహం క్రింద అది వ్రాస్తారా అని ఒకరు, జరిగింది కాదా అని మరొకరు అన్నారు. రాయి చెక్కే అతను అక్షరానికి ఇంత అని చెప్పి, ముందు ఏదో ఒకటి తేల్చండి, నాకు ఇంకో ఊళ్ళో పని ఉందన్నాడు. ప్రస్తుతానికి పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ మటుకు చెక్కి వెళ్ళిపోయాడు. క్రింద మూరెడు రాయి నున్నగా వదిలేసి ఉంది.