గట్టు ఎత్తు కొలిచారు, గట్టు కింద మనుషుల్ని లెక్కపెట్టారా?

చెరువు గట్టు తెగితే నీరు ముందుగా ఎవరింటికి పోతాది? షావుకారు మేడకా? పోదు. పల్లంలో, గెడ్డ ఒడ్డున, ఊరు మనల్ని ఎక్కడికి నెట్టిందో అక్కడికొస్తాది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మెరక ఊరిదీ, పల్లం మన పేటదీ అయిన చోట్లు ఎన్ని లేవు! అందుకే ఆనకట్టల భద్రత ఇంజనీర్ల గొడవ అని మనం ఊరుకోలేం. అది మన ప్రాణాల గొడవ.

2021లో పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టం చేసింది. సర్కారుదైనా, కంపెనీదైనా, సొంత ఆసామిదైనా, కట్ట ఎవరిదైతే భద్రత పూచీ వాళ్ళదే అంది. వానలకు ముందూ తర్వాతా తనిఖీ చెయ్యాలంది. ప్రమాద తరగతి కట్టాలంది. ఈ తరగతి అంటే గట్టు గట్టిదా, బీటలు వారిందా అన్నది కాదు. ఒకవేళ తెగితే కింద ఎంతమంది పోతారు, ఎంత నష్టమవుతుంది అన్నది. కేంద్ర జల సంఘం 2020లో ఇందుకు నాలుగు తరగతులు పెట్టింది. లెక్క మంచిదే.

కానీ ఆ లెక్కలోకి రావాలంటే ముందు గట్టుకి ఎత్తుండాలి! 15 మీటర్లు దాటాలి. 10కీ 15కీ మధ్య ఉంటే పొడవు 500 మీటర్లో, నీరు 10 లక్షల ఘనపు మీటర్లో, ఇలాంటి షరతు ఒకటైనా తీరాలి. 10 మీటర్ల లోపు గట్టు ఈ చట్టం కంటికి ఆనదు. మన ఊళ్ళలో మూడంతస్తుల మేడంత ఎత్తున్న చెరువు గట్లు ఎన్ని? నిద్రలో ఉన్న పసిబిడ్డ మునగడానికి నడుం లోతు నీరు చాలదా?

సొంత ఆసామి చెరువులు మన జిల్లాలకి కొత్త కాదు. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, కురుపాం, మందస జమీందారీల్లో చెరువు జమీందారు సొత్తు. శిస్తు ఆయనకి, మట్టి మోత మనకి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో అవి సర్కారువయ్యాయి. సొత్తు మారింది, పల్లం మారలేదు.

సొంత గట్టు తెగితే ఏమవుతాదో కెన్యా దేశం చూసింది. 2018 మే 9 రాత్రి, సోలాయ్ అనే చోట ఒక పెద్ద తోట యజమాని సాగునీటికి కట్టుకున్న పటేల్ డ్యామ్ తెగి 40 మందికి పైగా చచ్చిపోయారు. ఆ డ్యామ్‌కి అనుమతే లేదని అక్కడి నీటి అధికారులు తర్వాత చెప్పారు. తెగక ముందు ఎవరి కంటికీ ఆనలేదా?

సర్కారు గట్టయితే మనం గట్టెక్కుతామా? 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ఆనకట్ట తెగింది. ఐదు గేట్లలో ఒకటి పనిచెయ్యలేదు. పులపత్తూరు, మందపల్లి, తోగూరుపేటల మీద నీరు పడింది. 30 మందికి పైగా పోయారు.

ఇక చెరువు బాగు చూడాల్సిన సాగునీటి సంఘం సంగతి. 1997 చట్టం ప్రకారం అందులో ఓటు రికార్డులో భూమి గానీ కౌలు గానీ ఉన్నోళ్ళకే. నీరు వాడుకునేవాడికి ఓటుంది, నీట మునిగేవాడికి లేదు!

1945లో కేంద్ర జల సంఘానికి పునాది పడినప్పుడు వైస్రాయి కౌన్సిల్లో ఆ శాఖ చూసింది బాబాసాహెబ్ అంబేడ్కరే. ఆ సంఘం రాసిన తరగతులు మన పేటల దాకా రాకుండా చట్టం గుమ్మంలోనే ఆపేసింది.

మేము అడిగేది ఇదీ. గట్టు ఎత్తు ఎంతైనా, కింద ఇళ్ళుంటే ప్రమాద తరగతి కట్టాలి. సొంత గట్ల జాబితా, యజమాని పేరుతో సహా, పంచాయతీ గోడ మీద రాయాలి. తెగితే పరిహారం యజమానే కట్టాలి. 2021 చట్టంలో ఆ ఊసే లేదు. సాగునీటి సంఘంలో గట్టు కింది వాళ్ళకీ ఓటుండాలి.

అడిగి కూర్చుంటే కాదు. వానలకు ముందే మనోళ్ళు గట్టంతా నడవండి. తూము పక్కన ఊట ఉందా? అది బురదగా వస్తే లోపల మట్టి కోసుకుపోతోందని గుర్తు. అలుగుకి చేపల కోసం అడ్డం కట్టారా? కింద ఎన్ని ఇళ్ళు, ఎందరు పిల్లలు, ఎందరు ముసిలోళ్ళు? అన్నీ కాగితం మీద పెట్టండి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా సంస్థకి అధ్యక్షుడు కలెక్టరే. ఆ కాగితం ఆయన చేతికిచ్చి రసీదు తీసుకోండి. ఏం చేశారో సమాచార హక్కు కింద అడగండి.

గట్టు వాళ్ళు కొలిచారు. మనుషుల్ని మనం లెక్కపెడదాం.

జై భీమ్!