కొన్నరోజే రాయాల్సిన ఖర్చు

తెనాలి, రేపల్లె వాళ్ళం సరదాకి బాపట్ల వెళ్ళి సూర్యలంకలో మునిగొస్తాం. 2023 డిసెంబరులో అక్కడి వాయుసేన స్టేషన్ నుంచి ఆకాశ్ క్షిపణులు ఒకేసారి నాలుగు లక్ష్యాల్ని కొట్టాయని చంకలు గుద్దుకున్నాం. బానే ఉంది. మరి పేల్చకుండానే గడువు తీరిపోయిన మందుగుండు సంగతేంటి?

2018 నవంబరు 20న మహారాష్ట్రలోని పుల్గావ్ దగ్గర అలాంటి సరుకే నాశనం చెయ్యడానికి దించుతుంటే పేలింది. 6గురు పోయారు, ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ళ కూలీలే.

పాత సర్వర్ పీకెయ్యడానికే మనం వేరే ఎస్టిమేట్ వేస్తాం కదా! షెల్లుకైతే కాపలా, రవాణా, నిపుణులు, తర్వాత మట్టి శుభ్రం చెయ్యడం, అన్నీ ఖర్చే. ఆ డబ్బు కొన్నరోజే పక్కన పెట్టాలి. లేకపోతే ఆ బిల్లు రోజుకూలీ ప్రాణంతో కడతాడు. ఈ లెక్క అడగడం దేశద్రోహమేం కాదు.