ఇంటి చల్లదనమునకు యజమాని యెవరు?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున 2022 ఆగస్టు 30వ తేదీన ఎండ మండిపోవుచుండగా, సుమారు 22,000 ఇండ్లలోని వారు ఏసీని పెంచబోయి, ఇంటి వేడిమిని దిద్దు థర్మోస్టాటు తమ మాట వినకుండుట చూచిరి. విద్యుత్సంస్థ ఇంటర్నెట్టు మూలమున దానిని దూరమునుండియే బిగించినది.

వారు మొదట 100 డాలర్లును, పిదప ఏటేట 25 డాలర్లును పుచ్చుకొని సమ్మతించినవారే కదా యని కొందఱందురు. నిజమే. విద్యుత్తు కొఱవడినపుడు అందఱును కొంత యోర్చుకొనుట ధర్మమే. కాని యింట చంటిబిడ్డయో రోగియో యున్నపుడు ఈ గంటకు వలదనుటకు ఒక మీటయైనను మిగులవలదా? అంతకుముందు ఆఱేండ్లును ఆ హక్కు చెల్లినది. అక్కఱ కలిగిననాడే చెల్లలేదు! ఇట్టిదానిని సమ్మతి యనుటకంటె తాకట్టనుట మేలు.

గూగుల్ వారు తమ నెస్ట్ థర్మోస్టాట్లలో మొదటి రెండు తరముల వానికి 2025 అక్టోబరు 25న ఇంటర్నెట్టు సంబంధమును త్రెంచిరి. గోడమీది చక్రమును చేత త్రిప్పినచో అవి యిప్పటికిని పనిచేయును. గృహస్థునకు మిగిలినది ఆ చక్రమే.

మన హైదరాబాదు, విజయవాడలలో వైఫై ఏసీ కొనువారు ధర యడుగుదురు, నక్షత్రము లెన్నియో యడుగుదురు. నెట్టు లేనినాడును, కంపెనీ కాదన్ననాడును ఇది మన చేతిమీద నడచునా యని అంగడిలో అడుగువా రెందఱు?