బహువిశ్వ వాదమూ, ఈశ్వర సాధనమూ

ప్రకృతిలోని కొన్ని స్థిరాంకముల విలువలు ఇప్పుడున్నట్లు గాక ఇంచుక భిన్నముగా నుండినచో నక్షత్రములు గాని, వాని గర్భమున పుట్టు కర్బనము గాని, దాని నాశ్రయించి బ్రదుకు ప్రాణులు గాని ఉండియుండెడివి కావని నేటి శాస్త్రజ్ఞులలో పెక్కురు అంగీకరించుచున్నారు. ఈ పొందిక బుద్ధిమంతుడైన యొక కర్త సంకల్పమునకు గుర్తని ఆస్తికులు వాదింపగా, విశ్వము ఒక్కటి గాదనియు, అసంఖ్యాకములైన విశ్వములలో ప్రాణికి అనుకూలమైన దానియందే మనము పుట్టుటలో వింత లేదనియు నాస్తికులు బదులు చెప్పుచున్నారు. ఈశ్వరుడా, బహువిశ్వములా యన్న ఈ ప్రశ్నయే సరియైనది కాదని నా దృఢవిశ్వాసము.

బహువిశ్వ వాదము దేవుని తప్పించుకొనుటకై పన్నిన ఉపాయమని కొందరందురు. ఈ నింద అన్యాయము. శూన్యాకాశమునకు సైతము కొంత శక్తి యుండవలెనని క్వాంటమ్ సిద్ధాంతము చెప్పును. కాని ఆ లెక్క ననుసరించి రావలసిన శక్తి, ఆకాశ పరిశీలనమునకు సరిపడు దానికంటె, ఒకటి ప్రక్కన సుమారు 120 సున్నలు చేర్చినంత రెట్లు హెచ్చుగా నున్నది. శాస్త్రచరిత్రలో ఇంతటి వైషమ్యము అరుదు. ఆ విలువ విశ్వవిశ్వమునకు మాఱుచుండునని ఊహించి, అది మితిమీరినచోట ఆకాశము అతివేగముగా విస్తరించి నక్షత్రవీథులు ఏర్పడుటకే అవకాశముండదు గనుక, చూచువాడున్న ప్రతిచోటను దానికొక హద్దు తప్పదని స్టీవెన్ వైన్‌బర్గ్ 1987 లో నిరూపించెను; అది పూర్తిగా సున్న కానక్కరలేదనియు ఆయన ఊహ. పదునొకండేండ్లు గడచిన పిమ్మట, 1998 లో, దూరపు సూపర్‌నోవాలను పరిశీలించిన రెండు బృందములు విశ్వవిస్తరణము త్వరితమగుచున్నదని కనుగొనిరి; ఆ విలువ సున్న గాదు, వైన్‌బర్గ్ గీచిన హద్దును దాటనూ లేదు. ఇది బహువిశ్వములకు రుజువు గాకున్నను, శాస్త్రమర్యాదకు లోబడిన ఆలోచన యనుటకు చాలును. వైన్‌బర్గ్ నాస్తికుడన్నమాట నిజమే. కాని ఆయనతో 1979 లో నోబెల్ బహుమానమును పంచుకొన్న అబ్దుస్ సలాం నిష్ఠాపరుడైన ముస్లిము. ఆ బహుమానమును తెచ్చిన సిద్ధాంతమునకు ఇరువురును వేర్వేఱుగానే చేరిరి.

ఇక, బహువిశ్వములున్నచో ఈశ్వరుడు నిష్ప్రయోజకుడగునా? శైశవదశలో విశ్వము క్షణకాలమున అపారముగా ఉబ్బినదని 1981 లో అలన్ గూత్ ప్రతిపాదించెను. ఆ ఉబ్బు ఎల్లెడల ఒక్కమారుగా ఆగక, ఆగినచోటనెల్ల ఒక్కొక్క విశ్వమును విడిచి సాగుచుండునని విలెంకిన్, లిండే మొదలగువారు చూపిరి. కాని ఈ ఉబ్బునకును నియమములు కావలయును, అవి వర్తించుటకొక ఆధారము కావలయును; ఆ నియమములు ఎక్కడివన్న ప్రశ్న అట్లే నిలిచియున్నది. తిరుమలేశుని అనంతకోటి బ్రహ్మాండ నాయకుడని నిత్యము కీర్తించు తెలుగువారికి, బ్రహ్మాండములు పెక్కైనంతమాత్రమున నాయకుడు లేకపోవునన్న తర్కము వింతగా తోచుట సహజము. అట్లని మన పురాణకర్తలు ఆధునిక భౌతికశాస్త్రమును ముందే చెప్పిరనుట శాస్త్రమునకును పురాణమునకును అపచారమే యగును.

ఆస్తికులకు సైతము చెప్పవలసిన మాట యున్నది. జగత్తు కార్యము గనుక దానికి కర్త యుండితీరవలెనని, న్యాయకుసుమాంజలిలో ఉదయనాచార్యుడు అనుమాన ప్రమాణముతో ఈశ్వరుని సాధింపబూనెను. ఆ మార్గమును త్రోసిపుచ్చినవారిలో నిరీశ్వర మీమాంసకులే గాక, పరమభాగవతుడైన రామానుజుడును గలడు. జగత్తు కార్యమైనను, అదియెల్ల ఒక్కమారుగా ఒకే కర్తచేత నిర్మింపబడినదనుటకు అనుమానము చాలదనియు, ఈశ్వరుడు శాస్త్రము వలననే తెలియదగినవాడనియు ఆయన శ్రీభాష్యమున స్థాపించెను. కర్తలు పెక్కుమంది యేల కారాదని ఇంగ్లీషున అడిగిన డేవిడ్ హ్యూమ్ సంవాదగ్రంథము 1779 లో గాని వెలువడలేదు. అప్పటికి రామానుజుడు గతించి ఆఱు శతాబ్దములు దాటినవి. భక్తుడే తన పక్షపు యుక్తిని ఇంత నిర్దాక్షిణ్యముగా పరీక్షించిన ఆ ధైర్యము నన్ను ఎల్లప్పుడును ముగ్ధుని చేయుచున్నది. స్థిరాంకముల పొందికను ఈశ్వరునికి రుజువుగా పట్టుకొన్నవారు ఆ పరీక్షను జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. గ్రహగతులలో క్రమముగా పెరుగు అస్తవ్యస్తతలను దైవమే సరిదిద్దవలసివచ్చునని న్యూటన్ తలంచెను. లాప్లాస్ గణితమున ఆ అక్కర కనబడలేదు. రేపు ఏ సమీకరణమో ఆ 120 సున్నల చిక్కును విప్పినచో, దానిపై నిలిపిన దేవాలయము గతి యేమి?

విచారణ జరుగవలసిన స్థలము వేరొకటి యున్నది. ఏమియు లేకుండుటకు మాఱుగా ఏదైన నొకటి యేల యున్నదని 1714 లో లైబ్నిట్జ్ అడిగెను. ఉన్నది ఒక్క విశ్వమైనను, కోట్లకొలది విశ్వములైనను, ఈ ప్రశ్న బరువు వీసమంతయు తఱుగదు, పెఱుగదు. 1948 లో బీబీసీ రేడియోలో కోపుల్‌స్టన్ అను జెస్యూట్ మతాచార్యుడు బెర్ట్రండ్ రస్సెల్‌ను నిలదీసినదిక్కడనే. విశ్వమంతటికిని కలిపి కారణమడుగుట అర్థవంతమైన ప్రశ్నయే గాదని రస్సెల్ తుదిదాక పట్టుబట్టెను. వారిరువురిలో ఎవరు నెగ్గిరో తేల్చుటకు, అటుపిమ్మట కనుగొన్న సూపర్‌నోవాలు గాని, ఊహించిన విశ్వములు గాని ఇంతవరకు అక్కరకు రాలేదు.