అడవిత్రోవకు ఏ తూటా?

మన పట్టణములలోని పఠనమందిరములలో ఇటీవల నొక వింతచర్చ వినవచ్చుచున్నది. చేత నాలుగు డబ్బులు గలిగి, సెలవుదినములలో నల్లమలకో మన్యమునకో విహారమునకు పోవు యువకులు, అడవిలో ఆత్మరక్షణమునకు పిస్తోలులో ఏ తూటా నింపుకొనవలెనని అమెరికా పద్ధతిని వాదులాడుచున్నారు. బోలుమొన తూటా శ్రేష్ఠమని యొకడు, గట్టి సీసపు గుండు శ్రేష్ఠమని మరియొకడు. ప్రశ్న చెడ్డది కాదు. ప్రాణరక్షణమునుగూర్చి ముందుగా నాలోచించుట వివేకమే కాని నేరము కాదు. అయితే ఈ ప్రశ్న ఎవరికి నిజముగా ప్రాణసంకటమైనదో వారిని అడుగువారు లేరు. ఉద్దానపు జీడితోటలో కాపుండు కూలికి, మన్యములో జొన్నచేని మంచెపై రాత్రి గడుపు గిరిజనునికి తూటా నెన్నుకొను భాగ్యమెక్కడిది? చట్టము చేతికిచ్చిన హక్కే కచేరీ గుమ్మము దాటి వారికి దక్కుటలేదు. ఈ సంగతిని విప్పిచెప్పుటకే నేటి మా ప్రయత్నము.

ముందు తూటాల సంగతియే విచారింతము. మొన బోలుగానుండు గుండు దేహములో దూరగానే పువ్వువలె విచ్చుకొని, తన వేగమునంతయు అచ్చటనే వెచ్చించి నిలిచిపోవును; వెనుకనున్న నిరపరాధిని తాకదు. నగరవీథిలో దుండగుని నెదుర్కొనువానికి ఇది మేలైన గుణము. 1986 ఏప్రిలులో మయామీ నగరమున జరిగిన కాల్పులలో గుండు చాలినంత లోతునకు పోకపోవుటచే తమవారు మరణించిరని గ్రహించిన అమెరికా కేంద్ర పరిశోధనశాఖ, మాంసమును బోలిన జిగురుముద్దలో 12 మొదలు 18 అంగుళముల లోతు దిగు గుండే యోగ్యమని నిర్ణయించినది. ఇది మనుష్యదేహమును దృష్టియందుంచుకొని చేసిన కొలత. దట్టమైన రోమము, క్రొవ్వు, కండరము, ఎముక గల మృగమునకు ఈ కొలత చాలదు. అందుచేతనే ఎలుగుల దేశమైన అలాస్కాలో తిరుగువారు విచ్చుకొను గుండును విడిచి, చదునుమొనగల గట్టి సీసపు గుండును పాయింటు 44 మాగ్నమ్ వంటి పెద్ద రివాల్వరులలో నింపుకొందురు. వీథికి తగినది వనమునకు తగదు. వనమునకు తగినది వీథిలో ప్రమాదకరము. ఈ సంగతి నెరుగక రెండింటికి నొకటే తూటా కోరువాడు రెండుచోట్లను చెడును.

విచ్చుకొను గుండు జన్మవృత్తాంతమును మనవారు మరువరాదు. దానికి డమ్‌డమ్ గుండని పేరు వచ్చినది మన కలకత్తాచెంతనున్న డమ్‌డమ్ ఆయుధాగారమునుండియే. 1890ల నాటి సరిహద్దు యుద్ధములలో, సామాన్యపు గుండు తగిలినను పఠాణులు ఆగక మీదికి వచ్చుచున్నారని తెల్లదొరలు దానిని కల్పించిరి. 1899 సంవత్సరమున హేగు నగరమున కూడిన రాజ్యములు యుద్ధములో నట్టి గుండును నిషేధింపగా, నాగరికుల విషయము వేరు, అనాగరికుల విషయము వేరని బ్రిటిషు ప్రతినిధి వాదించెను! ఆ నిషేధమైనను సంతకము చేసిన రాజ్యముల నడుమ యుద్ధములకే గాని పరాధీనజాతులకు వర్తింపలేదు. ఏ గుండు ఎవరి దేహమునకు తగునో నిర్ణయించువాడు పాలకుడైనప్పుడు న్యాయము ఎట్టి రూపము దాల్చునో ఈ యొక్క దృష్టాంతమే చాటుచున్నది.

ఇప్పుడు మన దేశమున పౌరునికి మిగిలిన ఎన్నిక యెంత? నైన్ ఎం.ఎం. తూటా సేనకును పోలీసులకును చెందినదని సామాన్యునకు నిషిద్ధము. లైసెన్సు పొందిన పౌరునికి సాధారణముగా దొరకునది పాయింటు 32 రివాల్వరు లేక పిస్తోలు. ఈ రివాల్వరు తూటాలో వాడుకగా నుండు గుండు 98 గ్రెయినుల బరువుగల గుండ్రనిమొన సీసపు గుండు. సెకనునకు 700 మొదలు 800 అడుగుల వేగముతో వెడలు ఈ గుండు శక్తి 105 మొదలు 140 అడుగు-పౌనులకు మించదు. పైని చెప్పిన పాయింటు 44 మాగ్నమ్ శక్తి దానికి ఏడెనిమిది రెట్లు. 12 బోరు తుపాకిలో పేల్చు ఔన్సు బరువుగల ఒంటిగుండు శక్తియో, 2,000 అడుగు-పౌనులను దాటును. 2014 సంవత్సరమున స్త్రీల ఆత్మరక్షణమునకని కాన్పూరు ప్రభుత్వ కర్మాగారము "నిర్భీక్" అను పాయింటు 32 రివాల్వరును వెలువరించినది. దాని వెల లక్షరూపాయలకు మించినది! రాత్రి పని ముగించుకొని నడిచి ఇల్లు చేరు ఏ కూలిస్త్రీకి అది అందును? ఈ చిన్న రివాల్వరు నడుమున కట్టి ఎలుగుబంటిని నిలుపగలనని తలచువాడు గొడుగు పట్టి తుపానునకు ఎదురు పోవువానివంటివాడు.

అలాస్కాలో ఎలుగుల నెదుర్కొన్న 269 సంఘటనలను పరిశీలించి 2012లో పండితులు ప్రకటించిన ఫలితము ఇంకొక పాఠము చెప్పుచున్నది: తుపాకి చేతనున్నవారు దానిని పేల్చినను పేల్చకున్నను గాయపడుటలో భేదము కానరాలేదు. మృగము మీదికి దుమికినప్పుడు వ్యవధి క్షణములే. అభ్యాసము లేని చేతికి ఏ తూటాయు రక్ష కాదు. మరియు, విహారయువకులు గ్రహింపవలసిన శాసనమొకటి కలదు. 1972 నాటి వన్యప్రాణిసంరక్షణ చట్టము 31వ విభాగము ననుసరించి, ముఖ్య వన్యప్రాణి పాలకుని లిఖితానుమతి లేక అభయారణ్యములో ఆయుధముతో ప్రవేశించుట నేరము. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యములోనికి జేబులో పిస్తోలుతో పోవు షోకిలా, ఎలుగు కనబడకమునుపే న్యాయస్థానమును చూడవలసివచ్చును. విహారమునకు పోవువానికి రక్ష గుంపుగా నడచుట, పొద్దు గ్రుంకకమునుపే మరలుట, చేతిలో దీపము, నోట పలుకు. ఇంతే.

కాని అడవి అంచున పుట్టి అచ్చటనే మట్టిలో కలియువానికి మరలిపోవు చోటెక్కడ? 2022 జూనులో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు ప్రాంతమున ఎలుగుబంటి యొకని ప్రాణము తీసి పలువురను గాయపరచినది. 2023 ఆగస్టులో తిరుమల కాలినడకత్రోవలో ఆరేండ్ల బాలికను చిరుత పొట్టన పెట్టుకొన్నది. ఆ దారుణమునకు మారుగా యాత్రికుల చేతికి దొరకినవి కర్రలు! అదే వన్యప్రాణి చట్టము 11వ విభాగము, తన ప్రాణమును గాని పరుని ప్రాణమును గాని కాపాడుటకై సద్బుద్ధితో మృగమును చంపుట నేరము కాదనుచున్నది. హక్కు కాగితముపై కలదు. దానిని చెల్లించుకొను సాధనము చేతిలో లేదు.

సాధనమును నిరాకరించుచున్నది చట్టమా? కాదు. 1959 నాటి ఆయుధచట్టము 13వ విభాగమును తెరచి చూడుడు. నిషేధకారణములు లేనిచో, 20 అంగుళములకు తక్కువకాని నున్నని గొట్టపు తుపాకిని రక్షణమునకు కోరు భారతపౌరునికిని, మూతినుండి మందు దట్టించు తుపాకిని పంటకాపునకు కోరువానికిని లైసెన్సు ఈయవలెననియే ఆజ్ఞ. పిస్తోలు కోరువాడు తగిన కారణము చూపవలెను గాని, వీరికి ఆ నిర్బంధము లేదు. 14వ విభాగము, తగినంత ఆస్తి లేదను కారణమాత్రమున లైసెన్సు నిరాకరింపరాదని స్పష్టముగా శాసించుచున్నది. శాసనకర్తలు అడవి అంచున నున్న పేదనే తలచి ఈ మాటలు వ్రాసిరి.

ఆచరణ యెట్లున్నది? ఈ వ్యాసకర్తయొద్దకు వచ్చిన యొక జీడిరైతు తమ్ముని ముఖమును ఎలుగు చీల్చినది. తుపాకికి దరఖాస్తు పెట్టినవానిని మొదట అడిగినది ఆదాయపత్రము. ఏడాదికిపైగా త్రిప్పి తుదకు ఇచ్చినది ఒకే పంక్తి: "ప్రాణభయమునకు ఆధారము లేదు." తమ్ముని ముఖముకంటె వేరు ఆధారమేమి కావలెను? అదే తాలూకాలో గుత్తేదారుల నడుమున రివాల్వరులు వ్రేలాడుచున్నవి. వారికి ఏ మృగము భయమో మేమెరుగము. లైసెన్సు దక్కినవానికైనను సుఖము లేదు. ఎన్నికలు ప్రకటింపబడగనే పెక్కుచోట్ల తుపాకిని ఠాణాలో అప్పగింపవలెను. ఎన్నికల నియమావళిని ఎలుగుబంటి చదువలేదు గదా!

ఆయుధములు హింసకు మూలమని, గాంధీమహాత్ముని దేశమున ఈ కోరిక తగదని కొందరందురు. 1878లో లిట్టన్ ప్రభువు దేశభాషాపత్రికల నోరు కట్టిన యేటనే జాతిచేతి ఆయుధమును కూడ లాగికొనెను. ఐరోపావారికి మాత్రము మినహాయింపు. ఆ యవమానమును కాంగ్రెసు మరువలేదు. 1931లో కరాచీ మహాసభ నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును ప్రాథమికహక్కులలో చేర్చెను. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో ఆ హక్కును ప్రతిపాదింపగా, నేరగాండ్రకు సయితము హక్కు కలుగునని డాక్టరు అంబేద్కరు వారించిరి. ఆ వాదములో బలము కలదు. మేము దానిని త్రోసిపుచ్చము. ప్రతిచేతికి పిస్తోలు ఈయుడని మేము కోరుటలేదు. చట్టము ఈయుమన్న తుపాకిని, చట్టము ఈయుమన్నవానికి ఈయుడనుచున్నాము.

ఈయనిచో ఏమగుచున్నదో చూడుడు. అడవిపందికి వెరచిన రైతు చేనిచుట్టు విద్యుత్తీగ లాగుచున్నాడు. ఆ తీగకు పంది పడును, పులి పడును, తెల్లవారుజామున నీరు పెట్టబోవు పొరుగురైతును పడును. లైసెన్సు తుపాకికి లెక్క యున్నది, పేరున్నది, తూటాకు పద్దున్నది. చీకటిలోని తీగకు పద్దెక్కడ? హింస నెక్కువ చేయునది తుపాకి నిచ్చుట కాదు, నిరాకరించుట.

కావున అధికారులు నిరాకరణమునకు నిజమైన కారణములు లిఖింపవలెను. ఆస్తిపత్రముల నడుగుట మానవలెను. 2016 నియమములలోని భద్రతాశిక్షణమును అడవి గ్రామములకు గొనిపోయి, ఏ గుండు దేనికో, ఎప్పుడు పేల్చరాదో నేర్పవలెను. న్యాయవాదులారా! 18వ విభాగము అప్పీలు హక్కు నిచ్చుచున్నది; ఏడాదికొక పేదరైతు అప్పీలునైనను ప్రతిఫలము లేక నడుపుడు. యువకులారా! ఏ తూటా శ్రేష్ఠమను వాదమును చాలించి, మీ జిల్లా అడవి గ్రామములలో ఎన్ని దరఖాస్తులు ఏ కారణమున త్రోసివేయబడినవో లెక్క తీయుడు. ఆ లెక్క మాకు పంపినచో ఈ పుటలలోనే ప్రకటింతుము. ఎలుగుకు ఎదురు నిలుచువానికి చట్టమును వెన్నంటి నిలుచునట్లు చేయుటయే మన పని.