మన బొక్కలు గుల్ల చేసిందెవరు?

మా వాడ పెద్దమ్మ ఒకామె మొన్న చెలక గట్టు మీద కాలు జారి కూలబడింది. అంతమాత్రానికే చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆమెకు నిండా యాభై రెండేళ్లు లేవు. సర్కారు దవాఖానలో కట్టు కట్టి పంపిండ్రు. ఇంత చిన్న దెబ్బకే ఎందుకు విరిగిందని అడిగినోడు లేడు. కొడుకు మనసొప్పక టౌన్ల ప్రైవేటు బొక్కల డాక్టరు దగ్గరికి తీసుకపోయిండు. ఫీజు ఐదు వందలు, స్కానింగు రెండు వేల ఐదు వందలు, మందులు, ఆటో కిరాయి వేరే. చెవుల కమ్మలు కుదువకు పోయినయి. కాగితం చూసి డాక్టరు చెప్పిందేమిటి? "ఎముకలు గుల్లబారినయమ్మా. పాలు తాగు, గుడ్లు తిను, బరువులు మొయ్యకు."

బరువులు మొయ్యకు! ఆమెలాంటోళ్లు మొయ్యకపోతే ఆ డాక్టరు కంచంలకు మెతుకు ఎట్ల వస్తది? పాలు తాగాలట. ఆమె రెండు బర్రెలను మేపుతుంది. పాలు డెయిరీ క్యాన్లకు పోతాయి, చాయకు మిగిలితే మిగిలినట్టు.

మేము స్కానింగుకు వ్యతిరేకం కాదు. జబ్బు తెలుసుకునే హక్కు మాకూ ఉంది. మా కోపమల్లా, జబ్బును మా మీదికి తెచ్చినోళ్ల పేరెత్తకుండా పరీక్ష మాత్రం అమ్ముకునే వ్యవహారం మీద.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు ఒక పరిశోధన చేసి 2005లో అచ్చు వేశారు. 30 నుంచి 60 ఏళ్ల మధ్య బీద ఇండ్ల ఆడవాళ్లు 289 మందిని చూశారు. తుంటి ఎముక మెడ దగ్గర నూటికి 29 మందికి గుల్లబారింది, మరో 52 మందికి ఆ దారి పట్టింది. వాళ్ల తిండిలో రోజుకు దొరికే కాల్షియం సగటున 270 మిల్లీగ్రాములు. మనిషికి 1000 కావాలని 2020లో అదే సంస్థ, ఐసీఎంఆర్ చెప్పాయి. అంటే కావలసినదాంట్లో మూడో వంతు కూడా లేదు. ఇది ముసలితనం తెచ్చిన జబ్బేనా? ఖాళీ కంచం తెచ్చిన జబ్బు కాదా?

రేషన్ల మనిషికి 6 కిలోల బియ్యం ఇస్తున్నరు, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. సంతోషమే. కానీ 100 గ్రాముల బియ్యంల కాల్షియం పది మిల్లీగ్రాముల దగ్గర, అంతే తూకం తైదల్లో 340 పైన. మన అవ్వలు తైదంబలి తాగి నాట్లేసినోళ్లే. ఆ తైదలు చెలకల్లోంచి పోయి పత్తి వచ్చింది, రేషన్ షాపులకు మాత్రం రాలేదు. పెద్దకూర తింటే నీచమన్నరు, గుడ్డు పిల్లల పళ్లెంలకు రావాలన్నా కొట్లాడాలె. ఈ దేశంలో తిండి లెక్కలు కట్టిన పెద్దలు మాంసం, గుడ్లను పక్కకు నెట్టి ధాన్యం చుట్టే లెక్క కట్టారని శత్రుఘ్న గారే రాశారు. ఎముకకు కాల్షియం ఒక్కటే చాలదు, మాంసకృత్తులూ కావాలె.

ఇంకో సంగతి. తెల్లబట్ట అయితుందని పోయిన మా ఆడవాళ్లకు ముప్పై ఐదేండ్లకే గర్భసంచి తీసి పంపిన ప్రైవేటు దవాఖానలు ఎన్ని? 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నోళ్లు దేశం మొత్తంలో నూటికి 3.2 అయితే, ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. సంచితోపాటు అండాశయాలు కూడా తీస్తే ముట్లుడిగిన స్థితి ఒక్కసారిగా వచ్చి పడుతుంది, ఎముక తరుగుడు మొదలైతది. మా పెద్దమ్మకు కూడా ఎప్పుడో తీసిండ్రు. ఏమేం తీసిండ్రో కాగితం ఇయ్యలే. అప్పుడు సంచి తీసి సొమ్ము చేసుకున్నది ప్రైవేటే, ఇప్పుడు బొక్క చూసి సొమ్ము చేసుకుంటున్నదీ ప్రైవేటే.

మోకాళ్ల నొప్పికి ఆర్‌ఎంపీ ఇచ్చే గోలీలూ సూదులూ కూడా చూసుకోవాలె. వాటిలో స్టెరాయిడ్ ఉంటే నొప్పి మాయమైతది. నెలల తరబడి వాడితే ఎముక కూడా మాయమైతది.

ఇక టౌన్లలో 'ఉచిత ఎముకల క్యాంపు' అని పెడతారు. మడమ మిషన్ల పెట్టమని, ఎర్రరంగు కాగితం చేతిలో పెట్టి, ఆ వెంటనే డబ్బాలు అమ్ముతారు. ఆ మడమ మిషన్ చూసింది జబ్బు నిర్ధారణ కాదు. నడుము, తుంటి దగ్గర తీసే డెక్సా స్కానింగు వేరే. దానిలో వచ్చే అంకె మైనస్ 2.5, లేదా ఇంకా కిందికి ఉంటే గుల్లబారిందంటారు. ఆ అంకె తుంటి దగ్గర అమెరికా తెల్ల పడుచుల ఎముకతో పోల్చి తీసేది. పొట్టిగా సన్నగా ఉన్న మనిషి ఎముకను అది ఉన్నదానికంటే తక్కువ చూపొచ్చు. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడు నీళ్లు తాగినోళ్లకు అదే మిషన్ ఎక్కువ చూపొచ్చు, ఎముక మాత్రం పెళుసే. కాబట్టి అంకె ఒక్కటే చూసి మందు రాసే డాక్టరు కాదు, ఏం తింటవు, ఏం పని చేస్తవు, ముట్లు ఎప్పుడు ఆగినయి అని అడిగే డాక్టరు కావాలె. చిన్న దెబ్బకు ఎముక విరిగినోళ్లు, నలభై ఐదుకు ముందే ముట్లు ఆగినోళ్లు, స్టెరాయిడ్ వాడినోళ్లు, అరవై ఐదు దాటిన ఆడవాళ్లు ఈ పరీక్ష తప్పక అడగాలె.

అన్నలారా, మనల్ని మనం కూడా అడుక్కోవాలె. కారంచేడు, చుండూరు గురించి మీటింగులు పెట్టినం, పెడతం. ఆ మీటింగులకు అన్నం వండిన అక్కల నడుములు ఎందుకు వంగినయో ఏ మీటింగుల మాట్లాడినం? ఎజెండాల ఎన్నడన్నా పెట్టినమా?

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలు చేసిండ్రు. అది ముఖ్యంగా దవాఖానలో పడుకోబెట్టి చేసే వైద్యానికి. తుంటి విరిగినాక లక్షలు ఇస్తరట, విరగకుండా చూసే పరీక్షకు మాత్రం కమ్మలు కుదువబెట్టుకోవాలట. జిల్లాకో మెడికల్ కాలేజీ అన్నరు కదా, ఆ ప్రతి దవాఖానల డెక్సా మిషన్, దాన్ని చదివే డాక్టరు ఉండాలె. పీహెచ్‌సీల మందు ఉచితంగా దొరకాలె. రేషన్ల తైదలు రావాలె. గర్భసంచి తీసిన ప్రతి మనిషికీ ఏం తీసిండ్రో కాగితం ఇయ్యాలె.

మా ఐదు వాడల్లో చెయ్యో తుంటో విరిగిన ఆడవాళ్ల పేర్లు, ఆపరేషన్ చేయించుకున్న వయసు రాసుకుంటున్నం. వచ్చే సోమవారం ప్రజావాణిలో కలెక్టరు ముందు పెడతం. మీ ఊరి లెక్క కూడా రాసి పంపుండ్రి. పెద్దమ్మ కూడా వస్తనన్నది, చేతికి కట్టుతోనే.