నగర దర్శనమునకు తగిన విడిది

హైదరాబాదు చూడవచ్చువారు చార్మినారు చెంతనో, హుస్సేను సాగరపు గట్టుననో బస చేయవలెనని తలంతురు. చూడదగిన చోటు వేరు, ఉండదగిన చోటు వేరు. ఉండుటకు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటలే మేలని నా అభిప్రాయము.

2020 ఫిబ్రవరి 7వ తేదీన జూబ్లీ బస్ స్టేషను నుండి మహాత్మాగాంధీ బస్ స్టేషను వరకు 11 కిలోమీటర్ల మెట్రో రైలుమార్గము ప్రారంభమైనది. చిక్కడపల్లిలోను, నారాయణగూడలోను ఆ రైలు ఆగును. నారాయణగూడలో ఎక్కినవారు సుల్తాన్ బజారు దాటగానే మహాత్మాగాంధీ బస్ స్టేషను చేరుదురు. అచటికి సాలార్జంగు మ్యూజియము దూరము కాదు. దూరప్రయాణమునకు కాచిగూడ రైల్వేస్టేషను చేరువనే కలదు.

సాయంకాలము చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సంగీతమో, నాటకమో ఆస్వాదింపవచ్చును. సమీపముననే నగర కేంద్ర గ్రంథాలయము కలదు. ఉద్యోగ పరీక్షలకై జిల్లాల నుండి వచ్చిన యువజనులు అశోక్‌నగర్‌లో గదులు తీసుకొని అచట చదువుకొనుచున్నారు. వారికొరకు వెలసిన భోజనశాలలలో మితవ్యయముతో భుజింపవచ్చును. పొరుగూరివారిని ఆదరించుట ఈ పేటలకు క్రొత్త కాదు.

అయినను ఒక లోపము కలదు. రైలు దిగినవారు విడిదికి నడచి పోవలెను. అంగళ్లును, బండ్లును కాలిబాటను ఆక్రమించిన చోట వృద్ధులును, పిల్లలును నడివీథిలోనికి దిగవలసి వచ్చుచున్నది. అతిథికి తలుపు తెరచి, గడపకు అడ్డముగా బండి నిలుపుట మర్యాదయా? కాలిబాటను కాపాడుట ప్రభుత్వ బాధ్యత మాత్రమే కాదు. అంగడివాని ధర్మము, బండివాని ధర్మము కూడ.